కట్టు విప్పాక మిగిలే నొప్పిని కొట్టిపారేయకండి

సంపాదకుల వారికి,

ఎముకలు విరిగినప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తల గురించి మీ పత్రిక ఆరోగ్యం పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. పాల గురించి, ఎండ గురించి, కాల్షియం మాత్రల గురించి రాసినదంతా బాగానే ఉంది. అయితే ‘ఎముక అతుక్కుని కట్టు విప్పాక మిగిలిన నొప్పి దానంతట అదే పోతుంది, అంతవరకు చేతికి పూర్తి విశ్రాంతి ఇవ్వాలి’ అన్న వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ఆ వాక్యంలో మొదటి సగం చాలామంది విషయంలో నిజమే. కొందరి విషయంలో మాత్రం రెండు సగాలూ తప్పే. మా చెల్లెలు ఆ కొందరిలో ఒకతె కావడం వల్ల ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడవవుతుంది, మన్నించండి.

మా చెల్లెలికి యాభై రెండేళ్లు. జాకెట్లు కుట్టి ఇద్దరు పిల్లల్ని చదివించుకున్న మనిషి. రెండేళ్ల క్రితం ఆషాఢంలో, శ్రావణమాసపు పెళ్లిళ్లకు, వరలక్ష్మీ వ్రతాలకు గుడ్డలు గుట్టగా వచ్చి పడుతున్న రోజుల్లో, కొళాయి దగ్గర నాచు మీద కాలు జారి కుడిచెయ్యి నేలకు ఆనించి పడింది. మణికట్టు దగ్గర ఎముక విరిగింది. ఆపరేషన్ అక్కర్లేదన్నారు, ఆరు వారాలకు పిండికట్టు వేశారు. మూడో వారం నుంచే కట్టు బిగుసుకుపోతోందనీ, లోపల మండుతోందనీ చెబుతూ వచ్చింది. ఆసుపత్రికి ఫోను చేస్తే ‘మొదట్లో అలాగే ఉంటుందమ్మా’ అన్నారు. ఇంట్లో నేనూ అదే అన్నాను. వేళ్లు కదిపితే ఎముక మళ్లీ జారుతుందేమోనన్న భయంతో ‘కదపకు, కదపకు’ అని రోజుకు పదిసార్లు హెచ్చరించిన వాణ్ణి కూడా నేనే.

కట్టు విప్పిన రోజు ఆ చెయ్యి చూస్తే నూనె పూసి తుడిచినట్టు నిగనిగలాడుతోంది. వంకాయ రంగు తిరిగి, ఉబ్బి, రెండో చెయ్యి కంటే వెచ్చగా ఉంది. అరచేతిలో చెమట నీళ్లు చిలకరించినట్టు నిలబడింది. నర్సు దూదితో తుడవబోతే కుర్చీలోంచి లేచిపోయింది. ఎక్స్‌రే తీశారు, ఎముక చక్కగా అతుక్కుంది. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. ఎముక అతికిందని ఫిల్ములో కనిపిస్తున్నప్పుడు ఇంకా నొప్పి అనడం అబద్ధం కాకపోయినా అతిశయోక్తి అయి తీరుతుందని అందరం అనుకున్నాం. ఒక వైద్యుడు ఆమె ముందే నాతో ‘ఇదంతా మనసులో ఉన్న నొప్పి మాస్టారూ’ అన్నారు. ముప్ఫై రెండేళ్లు పిల్లలకు సైన్సు పాఠాలు చెప్పిన నేను కూడా తల ఊపాను. ఆ తల ఊపడం ఆమె చూసింది.

మన భాషలో నొప్పి అనే ఒక్క మాటతో పని జరగదు. సలుపు వేరు, పోటు వేరు, తీపు వేరు, మంట వేరు, జివ్వుమనడం వేరు. బడి మొహం చూడని ముసలమ్మ కూడా వీటిలో ఒకదాన్ని ఇంకొకదానితో కలపదు. ‘కారం పూసి కుంపటి మీద పెట్టినట్టు మంటండీ, లోపల ఎముకలో సలుపు, కొంగు అంచు తగిలితే చాలు జివ్వుమంటుంది’ అని మా చెల్లెలు మూడు వేరువేరు సంగతులను విడమరిచి చెప్పింది. చీటీ మీదకు ఎక్కింది మాత్రం ‘పెయిన్’ అన్న ఒక్క ముక్క. పైన మంట, లోతున సలుపు, నొప్పి పుట్టించకూడని తాకిడికి కూడా నొప్పి పుట్టడం: ఈ మూడూ కలిసి ఉండటమే ఆ జబ్బు ఆనవాళ్లలో ముఖ్యమైనదని నాలుగు నెలల తరువాత, జిల్లా కేంద్రంలో నొప్పి చికిత్స మాత్రమే చేసే ఒక డాక్టరమ్మ చెప్పేదాకా మాకు తెలియలేదు. వ్యాధి నిర్ధారణ సగం వరకు రోగి వాక్యంలోనే ఉంది. వినిపించుకున్న వాళ్లు లేరు.

దాని పేరు కాంప్లెక్స్ రీజినల్ పెయిన్ సిండ్రోమ్, క్లుప్తంగా సీఆర్‌పీఎస్. తెలుగులో ‘సంక్లిష్ట ప్రాంతీయ నొప్పి’ అని ఎక్కడో చదివాను గాని, ప్రాంతీయం అనగానే మనకు పార్టీలు గుర్తొస్తాయి తప్ప మణికట్టు గుర్తుకు రాదు. మంచి తెలుగు పేరు దొరికేదాకా ఇంగ్లిషు పొడి అక్షరాలతోనే సరిపెట్టుకుందాం. ఇది కొత్త జబ్బేమీ కాదు. అమెరికా అంతర్యుద్ధ కాలంలో తుపాకీ గుండ్ల వల్ల నరాలు దెబ్బతిన్న సైనికులకు ఫిలడెల్ఫియాలో చికిత్స చేసిన సైలస్ వీర్ మిచెల్ అనే వైద్యుడు, తన ఇద్దరు సహచరులతో కలిసి 1864లోనే ఈ మంట నొప్పిని వర్ణించాడు. వార్నిష్ పూసినట్టు మెరిసే చర్మం గురించి, ఉపశమనం కోసం చేతికి ఎప్పుడూ తడిగుడ్డ చుట్టుకుని తిరిగే సైనికుల గురించి ఆయన రాశాడు. పక్కవాడు వార్తాపత్రిక మడిచిన గరగర శబ్దానికి కూడా వారి బాధ పెరిగేదట. పత్రికాధిపతులైన మీకు ఈ సంగతి ఆసక్తిగా ఉంటుందని రాస్తున్నాను. 1900లో జర్మనీలోని హాంబర్గ్‌కు చెందిన పాల్ జూడెక్ అనే శస్త్రవైద్యుడు, ఇలాంటి చేతుల్లో ఎముక త్వరత్వరగా గుల్లబారడాన్ని ఎక్స్‌రేలలో గుర్తించాడు. ఆ తరువాత దీనికి రకరకాల పేర్లు వచ్చాయి; ఒక వైద్యుడికి ఒక పేరు, ఇంకొకరికి ఇంకొక పేరు. 1994లో నొప్పిపై పరిశోధన చేసే అంతర్జాతీయ సంఘం వాటన్నిటినీ పక్కన పెట్టి ఇప్పటి పేరు ఖాయం చేసింది. పెద్ద నరమేదీ దెబ్బతినకుండా వచ్చేది మొదటి రకం, నరం దెబ్బతిన్నాక వచ్చేది రెండో రకం. మా చెల్లెలిది మొదటిది.

దీన్ని తేల్చే రక్తపరీక్ష లేదు. ఎక్స్‌రే మామూలుగా కనిపించినంత మాత్రాన జబ్బు లేదని అనడానికి వీల్లేదు. 2003లో హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో సమావేశమైన నిపుణులు రూపొందించిన ప్రమాణాలనే ఇప్పుడు ప్రపంచమంతటా వాడుతున్నారు. అవి వైద్యుడి కళ్లకు, వేళ్లకు, చెవులకు పని చెబుతాయి తప్ప యంత్రాలకు కాదు. దెబ్బ స్థాయికి మించిన నొప్పి కొనసాగుతూ ఉండాలి. ఆపైన నాలుగు కోవల్లో మార్పులు చూడాలి: తాకితే నొప్పి పుట్టడం మొదటిది, రెండు చేతుల మధ్య వేడిలోనో రంగులోనో తేడా ఉండటం రెండోది, వాపు, చెమటలో తేడా మూడోది, కదలిక తగ్గడం, వణుకు, గోళ్లూ వెంట్రుకలూ చర్మమూ మారిపోవడం నాలుగోది. వీటిలో మూడు కోవలనైనా రోగి చెప్పాలి, రెండు కోవలనైనా వైద్యుడు స్వయంగా చూడాలి. చివరి షరతు అన్నిటికంటే ముఖ్యం: ఈ లక్షణాలను ఇంతకంటే బాగా వివరించే వేరే జబ్బు ఉండకూడదు. చీము పట్టినా, రక్తనాళంలో గడ్డ అడ్డుపడినా చెయ్యి ఇలాగే ఉబ్బుతుంది కనుక వాటిని ముందు తోసిపుచ్చుకోవాలి. నొప్పి తగ్గని ప్రతి చేతికీ ఈ పేరు తగిలించమని నేను అనడం లేదు. రోగి మాట వినమనీ, పావుగంట సేపు రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూడమనీ మాత్రమే అడుగుతున్నాను.

ఇది అరుదైనదే. 2007లో ప్రచురితమైన నెదర్లాండ్స్ అధ్యయనం ప్రకారం ఏటా లక్ష మందిలో దాదాపు 26 మందికి ఇది కొత్తగా వచ్చింది. అంతకు నాలుగేళ్ల ముందు అమెరికాలోని మిన్నెసోటాలో ఒక కౌంటీలో లెక్కిస్తే లక్షకు ఐదారుగురు తేలారు. అంకెల్లో తేడా ఉన్నా రెండు చోట్లా కనిపించింది ఒకటే: ఆడవాళ్లలో మూడు నాలుగు రెట్లు ఎక్కువ, కాళ్ల కంటే చేతులకు ఎక్కువ, ఎముక విరిగిన తరువాత ఎక్కువ. అంటే నడి వయసు దాటి, మణికట్టు విరిగిన ఆడమనిషి కట్టు విప్పాక నొప్పి అన్నప్పుడు, ‘ఈ వయసులో ఆడవాళ్లు ఇలాగే అంటారు’ అనుకునే బదులు ఈ జబ్బును గుర్తు చేసుకోవలసిన సమయం సరిగ్గా అదే.

లోపల ఏం జరుగుతుందో పూర్తిగా తేలకపోయినా, తేలినంతవరకు చూసినా ‘మనసులో నొప్పి’ అన్న మాట నిలబడదు. దెబ్బ తగిలినప్పుడు వచ్చే వాపు, వేడి శరీరం చేసుకునే మరమ్మతులో భాగం. కొన్నాళ్లకు అవి చల్లారాలి. ఈ జబ్బులో చర్మంలోని నరాల కొసలే కొన్ని రసాయనాలను విడుదల చేస్తూ, సన్నటి రక్తనాళాలను వెడల్పు చేసి, నీరు ఊరేలా చేస్తాయి. రక్తనాళాల సంకోచాన్నీ చెమటనూ అదుపు చేసే నరాలు గాడి తప్పుతాయి. అందువల్ల మొదట వెచ్చగా ఎర్రగా ఉన్న చెయ్యి చాలామందిలో నెలలు గడిచేకొద్దీ చల్లగా, నీలంగా మారుతుంది. వెన్నుపాములోనూ మెదడులోనూ నొప్పి సంకేతాలు పెచ్చరిల్లి, కొంగు తగలడం, ఫ్యాను గాలి తగలడం కూడా నొప్పిగానే అందుతాయి. మెదడులో ఆ చేతికి కేటాయించిన చోటు కూడా చెదురుతుంది. కట్టు విప్పిన రెండో నెలలో మా చెల్లెలు ‘అన్నయ్యా, ఈ చెయ్యి నాది కాదనిపిస్తోంది, కళ్లు మూసుకుంటే అది ఎక్కడుందో తెలియడం లేదు’ అంది. నాకు భయం వేసి, ఎవరితోనూ ఆ మాట అనవద్దని చెప్పాను. తీరా అది ఈ రోగులు తరచుగా చెప్పే మాటేనట.

ఇక చికిత్స. ముందు మేం చేసిన తప్పులు చెబుతాను. ఐసు పెట్టాం, ఈ జబ్బున్న చాలామందికి దానితో బాధ పెరుగుతుంది, ఆమెకూ పెరిగింది. నరం పట్టేసిందని ఎవరో చెబితే నాటు కట్టు కట్టించి, ఇంకో మూడు వారాలు చెయ్యి బిగించేశాం. తెలిసిన కుర్రవాడొకడు ‘కొంచెం ఓర్చుకో పిన్నీ’ అంటూ వేళ్లను బలవంతంగా వంచితే ఆ రాత్రి చెయ్యి రెట్టింపయింది. కదపకపోవడం ఎంత చేటో, బలవంతంగా వంచడమూ అంతే చేటు. ఆ రెండింటికీ నడుమ ఉన్న సన్నటి దారిలో రోజూ కొంచెం కొంచెంగా, రోగి తన చేతిని తానే వాడుకునేలా చెయ్యడమే ఈ జబ్బుకు అసలు వైద్యం. మందులూ ఇంజెక్షన్లూ ఆ పని సాగడానికి వీలు కల్పించేవి మాత్రమే. డాక్టరమ్మ మొదటి రోజే ఈ సంగతి చెప్పి, మందుల చీటీ కంటే ముందు ఫిజియోథెరపీ చీటీ రాశారు.

ఆ ఫిజియోథెరపీ మేము అనుకున్నట్టు కరెంటు యంత్రాలతో జరగలేదు. మొదటి రెండు వారాలు చేతిని ముట్టుకోనేలేదు. ఎడమచేతి, కుడిచేతి ఫొటోల బొత్తి ఇచ్చి, ఏది ఏ చెయ్యో చూడగానే చెప్పమన్నారు. మా చెల్లెలు కుడిచేతి బొమ్మల దగ్గరే తడబడేది. తరువాత ఆ భంగిమల్లో తన చెయ్యి ఉన్నట్టు ఊహించుకోమన్నారు. ఆ తరువాత అద్దం వచ్చింది. గోడకు వేలాడే గడ్డం గీసుకునే అద్దాన్ని నిలువుగా పెట్టి, జబ్బు చేతిని దాని వెనక దాచి, మంచి చేతిని కదుపుతూ అద్దంలో చూసుకోమన్నారు. అద్దంలో కుడిచెయ్యి హాయిగా ముడుచుకుని తెరుచుకోవడం చూసి మా చెల్లెలు మొదటిరోజు ఏడ్చేసింది. ఈ అద్దం పద్ధతిని, తెగిపోయిన చెయ్యి ఇంకా నొప్పెడుతున్నట్టు బాధపడేవారి కోసం 1990లలో అమెరికాలో పనిచేస్తున్న మన తమిళనాడు మనిషి వి.ఎస్. రామచంద్రన్ వాడారు. దాన్ని ఈ జబ్బుకు వాడి చూసిన ఇంగ్లండులోని బాత్ నగర పరిశోధకులు 2003లో ఇచ్చిన నివేదికలో, జబ్బు మొదలైన తొలి వారాల్లోని వారికి మేలు కనిపించింది, రెండేళ్లు దాటినవారికి కనిపించలేదు. బొమ్మలు, ఊహ, అద్దం అనే మూడు మెట్ల వరుసను ఆస్ట్రేలియాకు చెందిన లోరిమర్ మోస్లీ 2004లో పరీక్షించారు. ఆ అధ్యయనాల్లో రోగులు బహు కొద్దిమంది కనుక దీన్ని మహిమ అని నేను అనను. ఖర్చు మాత్రం ఒక అద్దం ఖరీదు.

మెట్లు దాటాక బేసిన్లో బియ్యం పోసి చేతిని అందులో ఉంచడం, దూది, మల్లుగుడ్డ, తువ్వాలు వరుసగా రాయించడం మొదలుపెట్టారు. కుట్టుపని మనిషి కనుక ఆమెకు పట్టు, వాయిల్, జార్జెట్ ముక్కలు ఇచ్చారు. జార్జెట్ తాకిడిని ఓర్చుకోవడానికి ఆమెకు ఐదు నెలలు పట్టింది.

మందుల విషయంలో క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే వాటిని పత్రికలో చదివి కొనుక్కునే అలవాటు మనకు ఎక్కువ. నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబలిన్, అమిట్రిప్టిలిన్ వంటివి కొందరికి పనిచేస్తాయి, మత్తు తెస్తాయి. జబ్బు కొత్తగా, వాపుతో, వేడితో ఉన్న దశలో కొద్దిరోజుల స్టెరాయిడ్ మాత్రలు ఇస్తారు. షుగరు ఉన్నవారి విషయంలో ఆలోచించాలి. ఎముక గుల్లబారకుండా ఇచ్చే బిస్ఫాస్ఫొనేట్లు కొందరిలో నొప్పిని కూడా తగ్గించాయి. మెడ మొదట్లో ఉండే నరాల ముడికి మత్తు ఇంజెక్షన్ ఇవ్వడం ఒక పద్ధతి. మా చెల్లెలికి అది ఇచ్చిన పది నిమిషాల్లో అప్పటికి చల్లబడిపోయిన చెయ్యి వెచ్చబడింది, ఆ వైపు కనురెప్ప వాలిపోయింది. పక్షవాతం వచ్చిందని మేం హడలిపోతే, మందు సరైన చోటికి చేరిందనడానికి అదే గుర్తనీ, కొద్ది గంటల్లో పోతుందనీ చెప్పారు, అలాగే పోయింది. ఆ ఇంజెక్షన్ల వల్ల దీర్ఘకాలం మేలు జరుగుతుందనడానికి గట్టి ఆధారాలు లేవని డాక్టరమ్మ దాచకుండా చెప్పారు. నొప్పి తగ్గిన ఆ కొద్ది రోజుల్లో చేతిని వాడుకోవడమే వాటి ఉపయోగం. ఏ చికిత్సకూ లొంగని వారికి వెన్నుపాము దగ్గర విద్యుత్ పరికరం అమర్చే పద్ధతి కూడా ఉంది, అది ఖరీదైనది. మణికట్టు విరిగినవారికి రోజుకు 500 మిల్లీగ్రాముల సి విటమిన్ యాభై రోజులు ఇస్తే ఈ జబ్బు తక్కువగా వస్తుందని 1999లో డచ్ వైద్యులు ప్రకటించారు; తరువాతి అధ్యయనాలు కొన్ని అవునన్నాయి, కొన్ని కాదన్నాయి.

కోరదలచినది పెద్దగా ఏమీ లేదు. పిండికట్టు వేసి పంపేటప్పుడు ఆసుపత్రులు బిల్లుతో పాటు తెలుగులో అచ్చువేసిన ఒక చీటీ ఇవ్వాలి: కట్టులో లేని వేళ్లను, మోచేతిని, భుజాన్ని వైద్యుడు చెప్పిన మేరకు రోజూ కదపాలనీ, చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉంచాలనీ, కట్టు బిగుసుకుపోయి మంట పుడితే ఫోనుతో సరిపెట్టుకోకుండా అదే రోజు వచ్చి చూపించాలనీ అందులో ఉండాలి. కట్టు విప్పిన రెండు వారాలకు చేతిని మళ్లీ ఒకసారి చూడాలి, ఫిల్మును కాదు. ఏరియా ఆసుపత్రుల్లో ఎముకల వైద్యుడు ఎంత అవసరమో ఫిజియోథెరపిస్టు కూడా అంతే అవసరమని ప్రభుత్వాలు గుర్తించాలి. ఆటో ఎక్కి వారానికి మూడుసార్లు జిల్లా కేంద్రానికి వెళ్లగలిగే కూలీ మనిషి ఎవరున్నారు? సదరం శిబిరాల్లో వైకల్యాన్ని కొలిచేటప్పుడు కీలు ఎంత వంగుతోంది, కండరానికి ఎంత బలం ఉంది అని చూస్తారు. వేళ్లు వంగుతాయి గాని గుడ్డ తాకితే భరించలేని కుట్టుపని మనిషికి ఆ లెక్కలో శాతం రాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. దీర్ఘకాలిక నాడీ సంబంధ వ్యాధులూ ఆ జాబితాలో ఉన్నాయి. ఇలాంటి నొప్పిని ఆ కోవలో ఎలా లెక్కించాలో వైద్య మండళ్లకు స్పష్టమైన సూచనలు ఇస్తే బాగుంటుంది.

ఈ జబ్బు వచ్చిన వారిలో ఎక్కువమందికి మొదటి ఏడాదిలోనే గణనీయంగా నయమవుతుంది, త్వరగా పట్టుకుంటే మరీ మంచిది. నాలుగు నెలలు ఆలస్యం చేసిన మా ఇంట్లో ఇప్పటి పరిస్థితి ఇది: మా చెల్లెలు చీరలకు ఫాల్స్ కుడుతుంది, కాజాలు తీస్తుంది, చలికాలం తెల్లవారుజామున మాత్రం చేతికి మెత్తటి తొడుగు లేనిదే బయటకు రాదు. పెద్ద కత్తెర పట్టుకుని గుడ్డ కత్తిరించడం ఇంకా కుదరడం లేదు, ఆ పనికి పక్కింటి అమ్మాయిని పెట్టుకుంది. మీ వ్యాసంలోని ఆ ఒక్క వాక్యాన్ని అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో సవరించి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
తెనాలి